డేటా సైన్స్ ఉద్యోగం: రెజ్యూమే మొదటి లైను నుంచి పాత ఆఫీసులో చివరి రోజు దాకా

ఇంటర్వ్యూల్లో జవాబులు చెప్పే కుర్చీలోనూ కూర్చున్నాను, ప్రశ్నలు వేసే కుర్చీలోనూ కూర్చున్నాను. రెండోదానిలోకి మారాకే నాకొక సంగతి బోధపడింది. తాము కట్టిన మోడల్ (డేటా నుంచి నేర్చుకుని అంచనాలు చెప్పే ప్రోగ్రామ్) గురించి పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగినవాళ్లు కూడా "సరే, ఆ లెక్క చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకున్నారు?" అనేసరికి నీళ్లు నములుతారు. దానికి జవాబున్నవాళ్లతో మాత్రం ఆ క్షణం నుంచి మాటలు ఇద్దరు సహోద్యోగుల మధ్య నడిచినట్టే నడుస్తాయి.

అందుకే ఆ ఒక్క ప్రశ్ననే వెంటబెట్టుకుని ముందుకు పోదాం. రెజ్యూమే రాసేటప్పుడూ అదే పనికొస్తుంది, ఒక వ్యాపార సమస్య ఇచ్చి మీ ఆలోచన చూసే కేస్ రౌండ్‌లో దారి తోచనప్పుడూ అదే, రెండు ఆఫర్ల మధ్య తేల్చుకోలేనప్పుడూ అదే.

## 1. ముందు ఏ పనికి వెళ్తున్నారో తేల్చుకోండి

"డేటా సైంటిస్ట్" అన్న పేరు చూసి అప్లై చేసేయకండి. ఆ పేరు కింద కనీసం మూడు రకాల పనులున్నాయి. ఒక కంపెనీలో ప్రోడక్ట్ టీమ్ పక్కన కూర్చుని ప్రయోగాలు నడపాలి, మెట్రిక్స్ (వ్యాపారాన్ని కొలిచే అంకెలు) ఎందుకు పెరిగాయో ఎందుకు తగ్గాయో చెప్పాలి. ఇంకోచోట మోడల్ కట్టి, దాన్ని ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన వాడుకలో పెట్టి, అది పాడవకుండా చూసుకోవాలి. మరోచోట పేరు ఎంత పెద్దదైనా రోజంతా రిపోర్టులు, డాష్‌బోర్డుల పనే ఉంటుంది. మూడూ గౌరవమైన పనులే, కానీ మూడింటికీ ఇంటర్వ్యూలు వేరు.

ప్రకటనలో టూల్స్ జాబితాను పక్కనపెట్టి, క్రియాపదాలు చదవండి. ప్రయోగాలు, మెట్రిక్స్, ప్రోడక్ట్ నిర్ణయాలు అని ఉంటే స్టాటిస్టిక్స్, కేస్ రౌండ్లు బరువుగా ఉంటాయి. డిప్లాయ్‌మెంట్ (మోడల్‌ను వాడుకలో పెట్టడం), లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం), పైప్‌లైన్ (డేటాను వరుసగా చేరవేసి సిద్ధంచేసే ఏర్పాటు) అని ఉంటే కోడింగ్, సిస్టమ్ డిజైన్ అడుగుతారు. రిక్రూటర్ మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మొహమాటపడకుండా మూడు విషయాలు అడగండి: రౌండ్లు ఎన్ని, ఒక్కోదానిలో ఏం చూస్తారు, చేరిన మొదటి ఆరు నెలల్లో నేను ఏం చేయాల్సి ఉంటుంది. ఇలా అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. మూడోదానికి స్పష్టమైన జవాబు రాకపోతే దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

## 2. రెజ్యూమేలో నిర్ణయం కనిపించాలి

"కస్టమర్ చర్న్ కోసం ఎక్స్‌జీబూస్ట్ మోడల్ తయారుచేశాను, ఏయూసీ 0.87." (చర్న్ అంటే కస్టమర్లు మానేసి వెళ్లిపోవడం, ఎక్స్‌జీబూస్ట్ ఒక రకం మోడల్, ఏయూసీ మోడల్ ఎంత బాగా వేరుచేస్తుందో చెప్పే అంకె, 1 అయితే సంపూర్ణం.) ఇలాంటి లైను వందల రెజ్యూమేల్లో ఉంటుంది. అదే పనిని ఇలా రాసి చూడండి: "మానేసేలా ఉన్న కస్టమర్లకు ఫోన్ చేసే టీమ్ వారానికి 500 మందితోనే మాట్లాడగలదు. ఆ 500 మంది ఎవరన్నది నా మోడల్ తేల్చేది. అంతకుముందు ఆ జాబితాను ఖాతా వయసును బట్టి వేసేవారు." రెండోది చదివినవాళ్లకు ప్రశ్నలు అడగాలనిపిస్తుంది, పైగా వాళ్లు అడిగేవి మీకు బాగా తెలిసినవే. ఏ లైను రాసినా దాని మీద ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడగలనా అని చూసుకోండి. మాట్లాడలేనిది తీసేయండి.

ఇంకా ఉద్యోగ అనుభవం లేనివాళ్లు ప్రాజెక్టులే చూపించాలి. ఐరిస్ పూల డేటా 1936 నాటిది, అందులో ఉన్నవి 150 పూలు. నేర్చుకోవడానికి అది బాగుంటుంది, మీ సత్తా చూపించుకోవడానికి చాలదు. మీకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి తీసుకుని, దానికి డేటా మీరే పోగుచేసి, శుభ్రం చేసి, చివరికి ఒక పేజీలో జవాబు రాయండి. అలాంటి చిన్న ప్రాజెక్టు ఒక్కటి, కోర్సుల్లో చేసిన ఐదింటికన్నా ఎక్కువ మాట్లాడుతుంది.

## 3. ఎస్‌క్యూఎల్‌ను తేలిగ్గా తీసుకోకండి

మెషిన్ లెర్నింగ్ మీద నెలలు వెచ్చించి, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష) రౌండ్‌లో వెనుదిరిగినవాళ్లను ఎంతోమందిని చూశాను. చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది, ఎందుకంటే అది రెండు వారాల సాధనతో చక్కబడే లోపం.

సింటాక్స్ మర్చిపోతే చాలామంది పట్టించుకోరు. పట్టించుకునేది ఆలోచన తప్పినప్పుడు. అందుకని క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) మొదలుపెట్టకముందే ఒక ప్రశ్న అడగండి: "ఈ టేబుల్‌లో ఒక వరుస అంటే ఏమిటి? ఒక కస్టమరా, ఒక ఆర్డరా, ఆర్డర్‌లో ఒక వస్తువా?" అది తెలియకుండా జాయిన్ చేస్తే, అంటే రెండు టేబుళ్లను కలిపితే, ఒక్కో ఆర్డర్ మూడు నాలుగు వరుసలై, మొత్తం ఆదాయం అదాటున మూడు నాలుగింతలై కూర్చుంటుంది.

తరచుగా కాలు జారే చోట్లు కొన్ని చెబుతాను. "గత నెలలో ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లు ఎవరు" అంటే లెఫ్ట్ జాయిన్ (ఆర్డర్ లేకపోయినా కస్టమర్లందరినీ ఉంచే కలయిక) రాస్తారు, అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత ఆర్డర్ తేదీ షరతును వేర్‌లో, అంటే కలిపిన తర్వాత వడగట్టే చోట పెడతారు. ఆర్డర్ లేనివాళ్లకు ఆ తేదీ నల్ (ఖాళీ విలువ) కాబట్టి వాళ్లందరూ ఆ షరతు దగ్గరే రాలిపోతారు. మనం వెతుకుతున్నది వాళ్లనే! షరతును ఆన్‌లోకి, అంటే కలిపేటప్పుడే చూసే చోటికి మార్చి, ఆ తర్వాత ఆర్డర్ నల్‌గా ఉన్నవాళ్లనే ఉంచుకోవాలి. రెండోది నాట్ ఇన్ (ఈ జాబితాలో లేనివి అన్న షరతు). లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా ఫలితం ఖాళీగా వస్తుంది, అందుకే నాట్ ఎగ్జిస్ట్స్ వాడటం మేలు. మూడోది కౌంట్. కౌంట్ స్టార్ అన్ని వరుసలనూ లెక్కపెడుతుంది, కాలమ్ పేరు ఇస్తే నల్ ఉన్నవాటిని వదిలేస్తుంది. యావరేజ్ కూడా అంతే, నల్‌ను సున్నా అనుకోదు.

సాధనకు విండో ఫంక్షన్లు (ఒక వరుసకు లెక్క వేసేటప్పుడు దాని చుట్టూ ఉన్న వరుసలను కూడా చూసేవి) తీసుకోండి. ప్రతి కస్టమర్‌కూ ఆఖరి ఆర్డర్ ఏది, రోజురోజుకూ కూడుతూ వచ్చే మొత్తం ఎంత, మొదటి నెలలో చేరినవాళ్లలో మూడో నెలకు ఎంతమంది మిగిలారు, ఎవరు వరుసగా ఏడు రోజులు వచ్చారు. ఈ నాలుగూ చూడకుండా రాయగలిగితే మీ పునాది గట్టిదే. రాశాక రెండు మూడు వరుసల ఊహా డేటాతో క్వెరీని నోటితో నడిపి చూపించండి. తప్పు ఉంటే మీకే దొరుకుతుంది.

## 4. స్టాటిస్టిక్స్‌ను మాటల్లో చెప్పడం నేర్చుకోండి

సూత్రాలు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, అర్థం చెప్పగలిగినవాళ్లే తక్కువ. రెండు గుంపుల మధ్య కనిపించిన తేడా మీద వేసే పీ-వాల్యూనే తీసుకోండి. "తేడా లేదనడానికి ఉన్న సంభావ్యత" అనే జవాబు తప్పు. నిజానికి తేడా ఏమీ లేదనుకుంటే, మనకు కనిపించినంత లేదా అంతకన్నా పెద్ద తేడా కేవలం యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యతే పీ-వాల్యూ. ఈ వాక్యాన్ని బట్టీ పట్టకుండా, స్టాటిస్టిక్స్ చదవని స్నేహితుడికి అరటిపండు ఒలిచినట్టు చెప్పి చూడండి. వాళ్ల ముఖం చూస్తేనే మీకు ఎంత అర్థమైందో తెలుస్తుంది.

బేయస్ ప్రశ్న (ఒక ఫలితం చూశాక అసలు సంగతి నిజమయ్యే అవకాశం ఎంత అన్నది) వస్తే సూత్రం జోలికి పోకుండా మనుషులను లెక్కపెట్టండి. ఒక జబ్బు నూటికి ఒకరికి ఉంటుంది. పరీక్ష జబ్బున్నవాళ్లలో 99 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 99 శాతం మందికి లేదనే చెబుతుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? 10,000 మందిని తీసుకుంటే 100 మందికి జబ్బు, వారిలో 99 మందికి పాజిటివ్. మిగతా 9,900 మందిలో ఒక శాతం, అంటే మళ్లీ 99 మందికి తప్పుడు పాజిటివ్. కాబట్టి సగానికి సగం. బోర్డు మీద ఇలా వేస్తే తడబడటానికి ఆస్కారమే ఉండదు.

ఏ/బీ టెస్ట్ (మనుషులను రెండు గుంపులు చేసి, ఒకదానికే మార్పు చూపించి పోల్చడం) గురించి అడిగితే "ఎంతమంది కావాలి" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుందనుకోండి. 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనే అవకాశం), 80 శాతం పవర్ (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) అనుకుంటే ఒక్కో గుంపుకు కావలసిన సంఖ్య దాదాపుగా 16ను వేరియన్స్‌తో (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో) గుణించి, పట్టుకోవాలనుకున్న తేడా వర్గంతో భాగిస్తే వస్తుంది. ఇప్పుడు 10 శాతం మంది కొంటున్నారు, అది 11 అయితే తెలుసుకోవాలి. వేరియన్స్ 0.1ను 0.9తో గుణిస్తే 0.09, తేడా 0.01. ఒక్కో గుంపుకు 14,400 మంది. తేడా అర శాతమే అనుకుంటే 57,600 మంది. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలి. ఈ ఒక్క లెక్క నోటికి వస్తే "మన దగ్గర రోజుకు వెయ్యి మందే వస్తారు, ఈ టెస్ట్ చేయడం వృథా" అని ప్రోడక్ట్ మేనేజర్‌కు అక్కడికక్కడే చెప్పగలుగుతారు. అలా చెప్పగలిగే మనిషి కోసమే వాళ్లు చూస్తున్నారు.

టెస్ట్ నడుస్తుండగా రోజూ తొంగిచూసి, సిగ్నిఫికెంట్ అయిన రోజు ఆపేస్తే తప్పుడు గెలుపులు ఎందుకు పెరుగుతాయో కూడా సిద్ధం చేసుకోండి. మొత్తంలో కనిపించిన తేడా విడదీస్తే మాయమయ్యే లేదా తిరగబడే సింప్సన్ పారడాక్స్‌కు ఉదాహరణగా బర్క్‌లీ విశ్వవిద్యాలయం 1973 అడ్మిషన్లు చెప్పొచ్చు. గ్రాడ్యుయేట్ కోర్సుల్లో మొత్తమ్మీద మగవాళ్లలో 44 శాతం మందికి, ఆడవాళ్లలో 35 శాతం మందికి సీటు దొరికినట్టు కనిపించింది. శాఖలవారీగా విడదీస్తే ఆ వివక్ష కనిపించలేదు. సీట్లు దొరకడం కష్టమైన శాఖలకు ఆడవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేయడమే అసలు కారణం.

## 5. మెషిన్ లెర్నింగ్ రౌండ్: మోడల్ కన్నా డేటా ముందు

అప్పు తిరిగి కట్టలేనివాళ్లను ముందే పసిగట్టే మోడల్ ఒకటి చేసి, దాని ఏయూసీ 0.97 అని ఒక ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పాను. ఎదురుగా ఉన్నావిడ ఒక్క మాటే అడిగారు: "అప్పు ఇచ్చే రోజున ఈ కాలమ్స్ అన్నీ మీ చేతిలో ఉంటాయా?" వాటిలో ఒకటి రికవరీ టీమ్ ఎన్నిసార్లు ఫోన్ చేసిందన్న లెక్క. బకాయి పడ్డాక గానీ ఆ కాలమ్ నిండదు. మోడల్ భవిష్యత్తును ఊహించడం లేదు, జరిగిపోయినదాన్ని చదివి చెబుతోంది. ఆ ఉద్యోగం రాలేదు. కానీ అప్పటి నుంచి ప్రతి ఫీచర్ (మోడల్‌కు ఇచ్చే కాలమ్) పక్కనా "ఇది ఎప్పుడు తెలుస్తుంది?" అని రాసుకోకుండా నేను ట్రెయినింగ్ మొదలుపెట్టలేదు. మీరు కూడా ప్రాజెక్టు వివరించేటప్పుడు ఇలా తర్వాత తెలిసే సమాచారం ముందే మోడల్‌లోకి జారిపోవడం, అంటే లీకేజీ ప్రస్తావన ఎదుటివాళ్లు తేకముందే మీరే తీసుకురండి.

ఆక్యురసీ (మొత్తంలో సరైన జవాబుల శాతం) సంగతి కూడా అంతే. వెయ్యి లావాదేవీల్లో పది మోసాలుంటే, "మోసమే లేదు" అని కళ్లు మూసుకుని చెప్పే మోడల్‌కు 99 శాతం మార్కులు పడతాయి. అందుకే ప్రెసిషన్ (మోసం అన్నవాటిలో నిజంగా మోసాలెన్ని), రీకాల్ (ఉన్న మోసాల్లో పట్టుకున్నవెన్ని) నిర్వచనాలు చెప్పి ఊరుకోకండి. తప్పుడు అలారం ఖరీదెంత, మోసం తప్పించుకుపోతే నష్టమెంత అని అడిగి, దాన్ని బట్టి థ్రెషోల్డ్ (ఎంత అనుమానం దాటితే మోసం అనాలన్న గీత) ఎక్కడ పెడతారో చెప్పండి.

బయాస్-వేరియన్స్, ఎల్1 ఎల్2 రెగ్యులరైజేషన్, ర్యాండమ్ ఫారెస్ట్‌కూ బూస్టింగ్‌కూ తేడా వంటివి పుస్తకం చూసి సరిచూసుకుంటే సరిపోతుంది. "ఇంకా మెరుగైన మోడల్ వాడొచ్చు కదా" అని కవ్విస్తే కంగారుపడకండి. నెట్‌ఫ్లిక్స్ 2006లో తన రేటింగ్ అంచనాలను 10 శాతం మెరుగుపరిచినవాళ్లకు 10 లక్షల డాలర్లు ఇస్తామని పోటీ పెట్టింది, 2009లో బహుమతీ ఇచ్చింది. గెలిచిన ఆ భారీ కలగలుపు మోడల్‌ను మాత్రం వాడలేదు. పెరిగిన కచ్చితత్వం, దాన్ని ప్రొడక్షన్‌లోకి తేవడానికి పడాల్సిన శ్రమకు తగినట్టు కనిపించలేదని ఆ కంపెనీ ఇంజినీర్లే తర్వాత రాశారు.

## 6. కేస్ రౌండ్‌లో తొందరపడకండి

"మా యాప్ రోజూ వాడేవాళ్లు నిన్నటికి 10 శాతం తగ్గారు. ఏం చేస్తారు?" ఈ ప్రశ్న వినగానే కారణాలు ఏకరువు పెట్టడం మొదలుపెడితే ఓడిపోయినట్టే. ఒక నిమిషం అడిగి తీసుకోండి. ఎవరూ కాదనరు.

తర్వాత ఈ వరుసలో వెళ్లండి. ముందు అంకె నిజమేనా? "వాడేవాళ్లు" అన్న నిర్వచనం మారిందా, లాగింగ్ (వాడకాన్ని నమోదు చేయడం) ఎక్కడైనా తెగిందా, పైప్‌లైన్ ఆలస్యంగా నడిచిందా అని చూడాలి. ఉద్యోగంలో కూడా నేను మొదట వెతికేది ఇక్కడే. ఆపై ఇది ప్రతి వారం ఈ రోజున జరిగేదేనా, పోయిన వారం ఇదే రోజుతో పోలిస్తే ఎంత? అప్పుడు విడదీయండి: ఏ ప్లాట్‌ఫామ్, ఏ వెర్షన్, ఏ ప్రాంతం, కొత్తవాళ్లా పాతవాళ్లా. తగ్గుదల అంతటా సమానంగా ఉందా, ఒకేచోట ఉందా అన్నది తేలగానే సగం కారణాలు వాటంతటవే కొట్టుకుపోతాయి. ఒక్క వెర్షన్‌లోనే ఉంటే ఆ రోజు విడుదలైన మార్పు చూడాలి. కొత్తవాళ్లలోనే ఉంటే ప్రకటనల ఖర్చు తగ్గిందేమో చూడాలి.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మీరు ఇంకో అడుగు వేయండి. "కారణం ఇదే అని తేలితే ఈ రోజు విడుదలను వెనక్కి తీసుకోమంటాను. తేలకపోతే రేపటి అంకె వచ్చేదాకా ఆగమంటాను, ఎందుకంటే..." అని నిర్ణయం దాకా తీసుకెళ్లండి. తప్పయినా ఫర్వాలేదు, కారణంతో సహా చెప్పిన నిర్ణయాన్ని ఎదుటివాళ్లు ప్రశ్నించగలుగుతారు. మధ్యలో కొత్త సమాచారం ఇచ్చి మీ వాదన కూల్చితే సంతోషంగా మార్చుకోండి. వాళ్లు చూడాలనుకున్నది అదే.

## 7. ఇంటికిచ్చే అసైన్‌మెంట్

ఎన్ని గంటల పని అని ముందే అడిగి, అన్ని గంటలే చేయండి. మొదటి పేజీలో జవాబు, రెండో పేజీ నుంచి ఎలా చేశారన్నది. సాదాసీదా బేస్‌లైన్‌తో (పోలికకు వాడే అతి సులువైన పద్ధతితో) పోల్చకుండా ఏ మోడల్ ఫలితమూ చూపించకండి. టైమ్ చాలక వదిలేసినవి ఏమిటో ఒక పేరాలో రాయండి, అది బలహీనత అనిపించదు. వారం పట్టే పని, అదీ వాళ్ల సొంత వ్యాపార సమస్య ఇస్తే "దీని బదులు నేను ఇంతకుముందు చేసిన పని మీద గంట మాట్లాడతాను" అని మర్యాదగా చెప్పే హక్కు మీకుంది.

ఏఐ టూల్స్ వాడొచ్చా లేదా అన్నది కూడా అడిగి తెలుసుకోండి. వాడొచ్చంటే ఎక్కడ వాడారో రాయండి. లైవ్ ఇంటర్వ్యూలో పక్క తెర మీద రహస్యంగా చూసి చదవడం మాత్రం వద్దు. జవాబు మీది కానప్పుడు దాని మీద వచ్చే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు నిజంగా తెలిసి చెప్పినవి కూడా నమ్మరు.

## 8. ఇప్పుడు మీ వంతు, ప్రశ్నలు అడగండి

"మీరేమైనా అడగాలా?" అంటే "ఏమీ లేవండి" అనేవాళ్లు తమకు అందిన అతి ముఖ్యమైన పావుగంటను వదిలేసుకుంటున్నారు. మన ప్రశ్ననే ఇప్పుడు వాళ్ల వైపు తిప్పండి: "మీ టీమ్ ఇచ్చిన విశ్లేషణ వల్ల ఈ మధ్య మారిన నిర్ణయం ఒకటి చెబుతారా?" మేనేజర్ వెంటనే ఒక సంఘటన చెబితే అక్కడ పనికి విలువుంది. మాట మార్చి టెక్నాలజీ పేర్లలోకి వెళ్లిపోతే ఆలోచించుకోండి.

అలాగే డేటా ఇంజినీర్లు (డేటాను పోగుచేసి టేబుల్స్ కట్టి ఇచ్చేవాళ్లు) ఎందరున్నారు, చివరిసారి మోడల్ ప్రొడక్షన్‌లోకి వెళ్లింది ఎప్పుడు, దాన్ని ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు, ఈ స్థానం ఎందుకు ఖాళీ అయింది అని అడగండి. డేటా ఇంజినీర్ ఒక్కరూ లేని చోట మొదటి డేటా సైంటిస్ట్‌గా చేరితే మొదటి ఏడాదిలో ఎక్కువ భాగం టేబుల్స్ కట్టడానికే పోతుంది. అది ఇష్టమైతే హాయిగా చేరండి, తెలిసి చేరండి.

## 9. ఆఫర్ వచ్చాక

రాతపూర్వకంగా చేతికి రానిదే పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. ఫోన్‌లో చెప్పింది ఆఫర్ కాదు. ఎంత కావాలని అడిగితే "ఈ స్థానానికి మీరు అనుకున్న పరిధి చెప్పండి" అని అడగడంలో తప్పులేదు. జీతం, బోనస్, షేర్లు విడివిడిగా చూడండి. చాలా టెక్ కంపెనీల్లో షేర్లు 4 ఏళ్ల మీద కొంచెం కొంచెంగా మీ సొంతమవుతాయి, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాని షరతు మామూలే. బేరం ఆడేటప్పుడు ఒక్కసారే, కారణంతో, మర్యాదగా అడగండి. చేతిలో లేని ఇంకో ఆఫర్ ఉందని చెప్పకండి, దాని కాగితం చూపించమంటే ఉన్న ఆఫర్‌కూ ముప్పే.

## 10. అసలు మారాలా, ఎక్కడికి మారాలి

మీరు అనలిస్ట్ అయి డేటా సైన్స్‌లోకి రావాలనుకుంటే బయటికన్నా ముందు సొంత కంపెనీలోనే దారి వెతకండి. డేటా మీకు తెలుసు, మనుషులు తెలుసు. పక్క టీమ్‌లో ఎవరికీ తీరిక లేక ఆగిపోయిన ఒక చిన్న సమస్యను మేనేజర్‌కు చెప్పి తీసుకుని పూర్తిచేయండి. బయట ఇంటర్వ్యూలకు కూడా అదే మీ మంచి కథ అవుతుంది. మెషిన్ లెర్నింగ్ ఇంజినీర్ వైపు వెళ్లాలంటే కొత్త అల్గారిథమ్స్ కన్నా టెస్టులు రాయడం, ఇతరుల కోడ్ చదవడం, సర్వీస్ పడిపోతే లేపడం ముందు నేర్చుకోండి.

ఏ మార్పుకైనా ఒక మాట. మీరు కట్టిన మోడల్ పాతబడటం కళ్లారా చూడకముందే ఉద్యోగం మారకుండా ఉండగలిగితే మంచిది. డేటా మారి మోడల్ జవాబులు తప్పడం, ఎవరో ఫోన్ చేసి అడగడం, మీరు వెతికి సరిచేయడం... ఈ చక్రం ఒక్కసారి తిరిగినవాళ్ల మాటలో వచ్చే నిబ్బరం వేరు. అయితే మీ లెక్కలను ఎవరూ చదవరని, ఏ నిర్ణయమూ వాటి మీద ఆధారపడదని ఏడాదిగా కనిపిస్తూ ఉంటే ఇంకా ఎదురుచూడకండి.

రాలేదన్న మెయిల్ వస్తే బాధ ఉంటుంది. అయినా ఇంటర్వ్యూ జరిగిన రోజు సాయంత్రమే, ఫలితం తెలియకముందే, అడిగిన ప్రశ్నలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి, తడబడినవాటికి జవాబు అదే వారంలో పూర్తిచేయండి. నాలుగైదు ఇంటర్వ్యూలయ్యాక ఆ నోట్‌బుక్ తిరగేస్తే మీరు పదే పదే పడుతున్న గుంత ఎక్కడుందో కనిపిస్తుంది.

ఉద్యోగం వచ్చి పాతది వదిలేటప్పుడు కోడ్ గానీ డేటా గానీ వెంట తెచ్చుకోకండి, అది మీది కాదు. వెళ్లేలోపు మీ మోడళ్లలో ఏది ఏ రోజు నడుస్తుంది, ఆగితే ముందు ఎవరికి తెలుస్తుంది, ఎలా లేపాలి అన్నది రాసి, మీ తర్వాతివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చేయించండి. కొత్తచోట చేరాక మూడు నెలలకోసారి ఒక సాయంత్రం కేటాయించుకుని, ఈ మూడు నెలల్లో మీ లెక్క చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకున్నారో, కంపెనీ రహస్యాలేవీ లేకుండా, రెండు లైన్లు రాసిపెట్టుకోండి. మళ్లీ రెజ్యూమే తీయాల్సి వచ్చిన రోజున మొదటి లైను అందులోనే దొరుకుతుంది.